పిల్లల బ్యాటరీ కారుకు ఎల్‌ఈడీ లైట్లు: చీకట్లో నలుగురికీ కనబడేలా బిగించుకునే పద్ధతి

కర్నూల్లో ఏప్రిల్ వచ్చిందంటే పిల్లోళ్లను పగలు గడప దాటనియ్యలేం. వాకిట్లో బండలు కాలిపోతుంటాయి, కారు ప్లాస్టిక్ సీటు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పొద్దుగూకినాకే వీధిలో సందడి మొదలవుతుంది. చిన్న సైకిళ్లు, బ్యాటరీ కార్లు, జీపులు అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. సరిగ్గా అదే సమయానికి అంగళ్ల నుంచి, ఆఫీసుల నుంచి బైకులు ఇళ్లకు తిరిగొస్తుంటాయి. ఏ, బీ, సీ క్యాంపు కాలనీల్లో చెట్ల కొమ్మలు వీధి దీపాన్ని కప్పేసిన చోట నేల మీద ఏముందో దగ్గరికొచ్చేదాకా తెలియదు. పాత ఊళ్లో సందులైతే మలుపు తిరగ్గానే ఎదురుపడతారు.

ఈ పిల్లల కార్లు చాలావరకు పెద్దవాళ్ల మోకాలికి కాస్త పైదాకే ఉంటాయి. పెద్ద కారు వెనక్కి తీసేవాడికి అద్దంలో అది అసలు కనబడకపోవచ్చు. నల్ల రంగు జీపు కడప బండలు పరిచిన వాకిట్లోనో, తారు రోడ్డు మీదో ఉంటే ఇంకా కష్టం. కంపెనీ ఇచ్చిన ముందు లైట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి తప్ప పక్క నుంచి, వెనక నుంచి వచ్చేవాడికి ఏమీ తెలియనియ్యవు. అందుకే నేను చెప్పే వరుస వేరు: మొదట వెనక, తర్వాత పక్కలు, ఆ తర్వాత ఎత్తులో ఒక దీపం, చివరగా ముందు లైట్లు. పిల్లోడికి దారి కనబడటం కన్నా పిల్లోడు అందరికీ కనబడటం ముఖ్యం. గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోయే బండికి దారి చూపే పెద్ద వెలుగు అక్కర్లేదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. లైట్లు బిగించినంత మాత్రాన ఇది రోడ్డు మీదికి పోయే బండి కాదు. కాంపౌండు లోపల, మూసిన వీధిలో, పక్కన పెద్దవాళ్లు నడుస్తుండగానే తిప్పాలి.

ముందు మీ బ్యాటరీ ఏదో చూసుకోండి

సీటు ఎత్తితేనో, బానెట్ తెరిస్తేనో బ్యాటరీ కనబడుతుంది. దాని మీదే వోల్టులు, ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే అంకె) రాసుంటాయి. చిన్న బైకులకు, రెండేళ్ల పిల్లల కార్లకు 6 వోల్టులది ఉంటుంది. మామూలు కార్లకు, జీపులకు 12 వోల్టులు, 4.5 లేదా 7 ఏహెచ్. ఇద్దరు కూర్చునే పెద్ద బండ్లకైతే 24 వోల్టులు కూడా ఉండొచ్చు. కొన్నింటిలో రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 12 చేసి ఉంటారు. అలాంటప్పుడు ఒక్కదాని నుంచే లైట్లకు కరెంటు తీసుకోకూడదు. ఆ ఒక్కటే ముందుగా దిగిపోయి, రెండూ కలిపి పాడవుతాయి.

12 వోల్టుల బండి ఉన్నవాళ్ల పని సులువు. బైకులకు, ఆటోలకు వేసే ఎల్‌ఈడీ స్ట్రిప్పులన్నీ 12 వోల్టులవే. 24 అయితే మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న మాడ్యూల్ కావాలి. ఎల్‌ఎం2596 అని అడిగితే ఎలక్ట్రానిక్స్ అంగడిలో ఇస్తారు. 6 వోల్టులదైతే పెంచే మాడ్యూల్, ఎక్స్‌ఎల్6009 అనేది. ఏ మాడ్యూలైనా లైట్లు తగిలించకముందే మల్టీమీటరు (వోల్టులు కొలిచే మీటరు) పెట్టి, దాని మీదున్న చిన్న ఇత్తడి స్క్రూ తిప్పుతూ అవుట్‌పుట్ 12కు తెచ్చుకోవాలి. కొన్ని మాడ్యూళ్లలో ఆ స్క్రూ చాలా చుట్లు తిప్పితే గానీ అంకె కదలదు, పాడైందనుకుని వదిలెయ్యకండి. పెంచే మాడ్యూల్ బ్యాటరీ నుంచి రెట్టింపుకు మించి కరెంటు లాగుతుంది కాబట్టి 6 వోల్టుల బండికి ముప్పావు మీటరు స్ట్రిప్పుతో సరిపెట్టండి.

మాడ్యూల్ వద్దనుకుంటే 6 వోల్టులకు విడి ఎల్‌ఈడీలు వాడొచ్చు. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు, ఎర్రది సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగతాది రెసిస్టరు (కరెంటును అదుపులో పెట్టే చిన్న భాగం) మీద పడాలి. నిండుగా చార్జయిన 6 వోల్టుల బ్యాటరీ సుమారు 6.4 వోల్టులు ఇస్తుంది. 15 మిల్లీఆంపుల లెక్కన తెల్లదానికి 220 ఓములు, ఎర్రదానికి 330 ఓములు సరిపోతాయి. ప్రతి ఎల్‌ఈడీకి దాని రెసిస్టరు దానికే ఉండాలి, నాలుగింటికి కలిపి ఒకటి పెట్టొద్దు.

అంగడిలో ఏమడగాలి

"అన్నా, పన్నెండు వోల్టుల స్ట్రిప్పు, ఐపీ65ది, మీటరు ఎర్రది, మీటరు తెల్లది ఇయ్యి" అంటే చాలు. ఐపీ65 అంటే పైన సిలికాన్ పూత ఉండి దుమ్ముకు, నీటి చినుకులకు తట్టుకునేది. మీటరుకు 60 లైట్లుండే మామూలు రకం సుమారు 5 వాట్లు, అంటే 0.4 ఆంపు తింటుంది. 5050 రకం మీటరుకు 14 వాట్ల దాకా లాగుతుంది. అంత వెలుగు ఈ పనికి అక్కర్లేదు, పిల్లోడి కళ్లకూ మంచిది కాదు.

మామూలు రకం మొత్తం మీటరున్నర వాడామనుకుందాం. 0.6 ఆంపు అవుతుంది. గంటసేపు వెలిగితే 0.6 ఏహెచ్. 7 ఏహెచ్ బ్యాటరీలో పదో వంతు కూడా కాదు, 4.5దైతే ఏడో వంతుకు దగ్గర. పిల్లోడి ఆట సమయం పెద్దగా తగ్గదు.

స్ట్రిప్పుతో పాటు ఇవి కావాలి: వైరు మధ్యలో పెట్టే ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డరు, 2 ఆంపుల బ్లేడు ఫ్యూజులు మూడు నాలుగు, 0.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి వైరు ఎరుపు నలుపు చెరి మూడు మీటర్లు, హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం), కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగులు, రంధ్రాల అంచుకు తొడిగే రబ్బరు గ్రొమ్మెట్లు, ఒక చిన్న మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరను, దాంతో కరిగించే సీసం తీగ. లారీల వెనక అంటించే ఎర్ర, తెల్ల రిఫ్లెక్టర్ టేపు కూడా మరచిపోవద్దు. ఆటోమొబైల్ అంగళ్లలో మీటర్ల లెక్కన దొరుకుతుంది. బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా, ఎదుటి బండి లైటు పడగానే మెరిసేది అదొక్కటే.

ఒకటి మాత్రం కొనొద్దు. గుండీ బ్యాటరీలతో వెలిగే చవక దండలైట్లు, చక్రాల లైట్లు పిల్లల బండికి తగిలించకండి. మూత ఊడి ఆ గుండీ సెల్లు పిల్లల నోట్లోకి పోతే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఇంట్లో ఏడాది, రెండేళ్ల తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకా జాగ్రత్త.

కరెంటు ఎక్కడి నుంచి తియ్యాలి

అన్నిటికన్నా నిదానంగా చెయ్యాల్సిన పని ఇదే. చాలామంది చేతికందిన వైరుకు తగిలించేస్తారు. మోటరు వైర్లు బయటికి కనబడుతుంటాయి కాబట్టి వాటికే ఎక్కువగా కలుపుతారు. అలా చేస్తే బండి నడుస్తున్నప్పుడే వెలుగుతాయి, ఆగగానే ఆరిపోతాయి. ఆగి ఉన్న బండే కదా ఎక్కువ ప్రమాదం! పైగా రివర్సు వేస్తే మోటరుకు ప్లస్, మైనస్ తారుమారవుతాయి, అప్పుడూ వెలగవు. కొన్ని బండ్లలో తక్కువ స్పీడులో రెండు మోటర్లనూ వరసగా కలుపుతారు, ఒక్కోదానికి 6 వోల్టులే అందుతుంది. అప్పుడు 12 వోల్టుల స్ట్రిప్పు సరిగా వెలగదు.

కంపెనీ ఇచ్చిన చిన్న లైట్ల వైరుకూ కలపొద్దు. అవి సన్నగా ఉంటాయి, కొన్నిట్లో 12 వోల్టులే రాదు.

సరైన చోటు మెయిన్ స్విచ్చు దాటినాక వచ్చే వైరు. కనుక్కోవడం ఇలాగ. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కు ఆనించి ఉంచండి. స్విచ్చు వెనక రెండు కాళ్లుంటాయి, ఎర్ర ప్రోబుతో ఒక్కోటీ తాకండి. ఒకటి స్విచ్చు ఆపినా 12 చూపిస్తుంది, అది బ్యాటరీ వైపుది. రెండోది స్విచ్చు వేస్తేనే 12 చూపిస్తుంది. మనకు కావాల్సింది ఆ రెండోది. ఇక్కడ కలిపితే తాళం తిప్పగానే లైట్లు వాటంతటవే వెలుగుతాయి, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లైట్లకు వేరే స్విచ్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. పిల్లోడు ఆపేసి మరచిపోతాడు, మనం మాటల్లో పడి చూసుకోం.

ఈ చోటు వల్ల ఇంకో లాభముంది. చార్జింగ్ పెట్టినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద వోల్టేజీ 14 దాటుతుంది, చవక చార్జర్లయితే ఇంకా పైకి పోతుంది. మెయిన్ స్విచ్చు ఆపి చార్జింగ్ పెడితే ఆ ఎక్కువ వోల్టేజీ స్ట్రిప్పుల దాకా రాదు.

వైర్ల రంగులు నమ్మకండి. ఎరుపు ప్లస్ అని అనుకుంటాం గానీ ఈ బండ్లలో నీలం, పసుపు, తెలుపు, ఏదైనా రావొచ్చు. మీటరు చెప్పిందే నిజం.

ఫ్యూజు లేనిదే ముందుకు పోవద్దు

చిన్నదే కదా అనిపిస్తుంది గానీ, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగా తగిలితే ఒక్క క్షణంలో పదుల ఆంపుల కరెంటు పారుతుంది. మన సన్నటి వైరు ఎర్రగా కాలి, దాని తొక్క కరిగి, పక్కనున్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. దాని మీదే పిల్లోడు కూర్చుని ఉంటాడు. బండిలో ముందే ఉండే కంపెనీ ఫ్యూజు మోటర్ల కోసం పెట్టింది, మన సన్న వైరును అది కాపాడలేదు. కాబట్టి మన వైరు ఎక్కడ మొదలవుతుందో అక్కడే, నాలుగైదు అంగుళాల లోపల, 2 ఆంపుల ఫ్యూజు పెట్టాలి. అటు చివర లైట్ల దగ్గర పెడితే మధ్యలో వైరు నలిగినప్పుడు పనికిరాదు. కాలిన ఫ్యూజు బదులు వెండి కాగితమో, వైరు ముక్కో పెట్టే అలవాటు ఇక్కడ పూర్తిగా మానుకోవాలి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీసి పక్కన పెట్టండి. వైర్లన్నీ బిగించి, మళ్లీ ఒకసారి చూసుకున్నాకే ఫ్యూజు గుచ్చండి.

స్ట్రిప్పు కోయడం, సోల్డరింగ్

12 వోల్టుల స్ట్రిప్పులో మూడు లైట్లకు ఒకసారి కత్తెర గుర్తు ఉంటుంది. 60 లైట్ల రకంలో అది 5 సెంటీమీటర్లకొకటి. ఆ గీత మీదే కొయ్యాలి. గీత తప్పితే ఆ మూడు లైట్లూ పోయినట్టే. వెనకకు ఎర్రవి 15 సెంటీమీటర్లవి రెండు, పక్కలకు 30 సెంటీమీటర్లవి చెరొకటి, ముందుకు తెల్లవి 10 సెంటీమీటర్లవి రెండు కోసుకోండి. వెనక ఎరుపు, ముందు తెలుపు అనే లెక్క మార్చొద్దు. రోడ్ల మీద బైకులు, కార్లు అన్నిటికీ ఇదే పద్ధతి కాబట్టి, చూసేవాడికి బండి ఎటు తిరిగి ఉందో ఆలోచించకుండానే తెలిసిపోతుంది. పక్కలకు పసుపు గానీ, పిల్లోడికి నచ్చిన రంగు గానీ పెట్టుకోవచ్చు. ఎరుపు, నీలం గబగబా కొట్టుకునే పోలీసు లైట్ల రకం వద్దు. వేగంగా కొట్టుకునే వెలుగు కొందరు పిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. పైగా దూరం అంచనా వెయ్యాలంటే నిలకడగా వెలిగే దీపమే మేలు.

కోసిన చోట సిలికాన్ పొరను బ్లేడుతో రెండు చుక్కల రాగి కనబడేదాకా చెక్కండి. ముందు రాగి మీద కొంచెం సీసం, వైరు కొసకు కొంచెం సీసం పెట్టుకుని, తర్వాత రెండూ ఆనించి ఐరను తాకిస్తే రెండు మూడు సెకన్లలో పట్టుకుంటుంది. అంతకన్నా ఎక్కువసేపు ఐరను ఉంచితే రాగి చుక్క లేచొస్తుంది. నొక్కితే బిగుసుకునే క్లిప్పు కనెక్టర్లు అమ్ముతారు గానీ, గతుకుల్లో ఎగిరే బండికి అవి నిలవవు. అతుకు మీద హీట్ ష్రింక్ తొడిగి లైటరుతో దూరం నుంచి వేడి చూపించండి. ఉత్త ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది.

బిగించడం: మన ఎండకు ఏది నిలుస్తుంది

స్ట్రిప్పు వెనక స్టిక్కరు ఉంటుంది కదా అని అంటించేసి వదిలేస్తే వారంలో వేలాడుతుంది. ఈ కార్ల బాడీ ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దానికి జిగురు పట్టడమే కష్టం, పైగా మే నెలలో మిద్దె మీదో వాకిట్లోనో పెట్టిన బండి ఎండకు కాగిపోయి ఉన్న కాస్త జిగురూ జారిపోతుంది. హాట్ గ్లూ కూడా అంతే, ఎండకు మెత్తబడిపోతుంది.

అంటించే చోట సన్న ఉప్పుకాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆరినాక స్టిక్కరు అంటించండి. ఆపైన ప్రతి స్ట్రిప్పుకూ రెండు మూడు చోట్ల చిన్న రంధ్రాలు వేసి ట్యాగుతో కట్టండి. నిజంగా పట్టి ఉంచేది ట్యాగే. రంధ్రం వేసేముందు లోపలివైపు ఏముందో చెయ్యి పెట్టి చూడండి, అవతల వైర్ల కట్ట ఉండొచ్చు. వైరు దూరే ప్రతి రంధ్రానికీ గ్రొమ్మెట్ పెట్టాలి, లేకుంటే ప్లాస్టిక్ అంచు రాసుకుని తొక్క తెగుతుంది. ట్యాగు కొసలు నున్నగా కత్తిరించండి, చిన్న చేతులకు గీసుకుంటాయి.

వెనక స్ట్రిప్పులు వీలైనంత పైన, రెండు చివరలకూ పెట్టండి, బండి వెడల్పు తెలుస్తుంది. పక్క స్ట్రిప్పులు తలుపుల కింద అంచుకు, కొంచెం బయటివైపు వాలేట్టు కడితే నేల మీద కూడా వెలుగు పరుచుకుంటుంది. మలుపులో బండి కనబడకముందే ఆ వెలుగు కనబడుతుంది. ముందు స్ట్రిప్పులు నేలవైపు వంగి ఉండాలి. డ్యాష్‌బోర్డులో, పిల్లోడి ముఖానికి ఎదురుగా ఏదీ వద్దు. కళ్లకు వెలుగు కొడితే బయటి చీకటి వాడికి ఇంకా చిక్కగా కనబడుతుంది.

ఎత్తులో దీపానికి ఇళ్ల వైరింగుకు వాడే సన్న ప్లాస్టిక్ కరెంటు పైపు చాలు. సీటు వెనక బాడీకి రెండు చోట్ల స్క్రూలతో క్లాంపులు బిగించి, పైపును నిలబెట్టి, కొసకు ఒక 10 సెంటీమీటర్ల ఎర్ర స్ట్రిప్పు చుట్టి, పైన మూత పెట్టాలి. నేల నుంచి నాలుగడుగులు ఉంటే పెద్ద కారు వెనక అద్దంలోంచి కూడా కనబడుతుంది. మొత్తం బిగింపులో నాకు అన్నిటికన్నా ఉపయోగంగా అనిపించేది ఇదే. చూడ్డానికి బాగుండదని వదిలెయ్యకండి.

వైర్లు చక్రాల గేర్‌బాక్సుకు, స్టీరింగ్ రాడ్డుకు దూరంగా పోవాలి. అన్నీ కట్టాక స్టీరింగును అటు ఇటు పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడా లాగకూడదు, నలగకూడదు. అతుకుల దగ్గర వైరును కిందికి ఒక చిన్న వంపు తిప్పి కడితే వాన నీరు ఆ వంపు నుంచే కారిపోతుంది, అతుకులోకి పోదు.

రివర్సు లైటు కావాలంటే

ఇందాక చెప్పిన తారుమారునే ఇక్కడ వాడుకోవచ్చు. వెనక చక్రాలు నేలకు తగలకుండా ఇటుకలు పెట్టి, చేతులు చక్రాలకు దూరంగా ఉంచి, మోటరు వైర్ల మీద మీటరు పెట్టండి. ముందుకు వేస్తే 12, వెనక్కి వేస్తే మైనస్ 12 చూపిస్తుంది. రివర్సులో ఏ వైరు ప్లస్ అవుతుందో దానికి 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) మీదుగా తెల్ల స్ట్రిప్పు ప్లస్ కలపండి, డయోడు మీద తెల్ల గీత ఉన్న కాలు స్ట్రిప్పు వైపు ఉండాలి. స్ట్రిప్పు మైనస్ అదే మోటరు రెండో వైరుకు. ఇక రివర్సు వేసినప్పుడే ఆ లైటు వెలుగుతుంది. ఈ వైరుకూ మొదట్లోనే ఒక 1 ఆంపు ఫ్యూజు విడిగా ఉండాలి. రివర్సులో మీటరు 6 చుట్టుపక్కల చూపిస్తే మీ బండికి ఈ పద్ధతి కుదరదు, వదిలెయ్యండి.

చీకటి పడ్డాక పరీక్ష

ఫ్యూజు గుచ్చి, స్విచ్చు వేసి, పది నిమిషాలు వెలగనిచ్చి ప్రతి అతుకూ వేలితో తాకి చూడండి. ఎక్కడైనా వేడిగా ఉంటే అక్కడ తప్పుంది. తర్వాత పిల్లోణ్ని కూర్చోబెట్టకుండా బండిని వీధిలో పెట్టి ముప్పై అడుగుల దూరం పోయి నాలుగు వైపుల నుంచీ చూడండి. మీ కారులో డ్రైవరు సీట్లో కూర్చుని అద్దాల్లో చూడండి, బండి ఏ మూలకు పోతే కనబడకుండా పోతుందో తెలుస్తుంది. ఆ మూలను పిల్లోడికి చూపించి, అక్కడికి రావద్దని చెప్పండి. బైకు హెడ్‌లైటు వేసి రిఫ్లెక్టర్ టేపు మెరుస్తోందో లేదో చూడండి. ఆఖరికి పిల్లోడి సీటు పక్కన గొంతుక్కూర్చుని వాడి కళ్ల ఎత్తు నుంచి చూడండి. ఏ లైటైనా కళ్లలో కొడుతుంటే కోణం మార్చాలి.

ఆ తర్వాత

ఆడుకోవడం అయ్యాక మెయిన్ స్విచ్చు ఆపడం అలవాటు చెయ్యండి. లైట్లు రాత్రంతా వెలిగితే బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. సీసం బ్యాటరీని అలా ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ నిండుగా చార్జింగ్ పట్టదు. వాడకపోయినా నెలకొకసారి చార్జింగ్ పెట్టాలి. ఆడి రాగానే వేడిగా ఉన్న బ్యాటరీకి వెంటనే పెట్టకుండా కాసేపు చల్లారనివ్వండి. వారానికోసారి తడిగుడ్డతో లైట్ల మీది దుమ్ము తుడవండి, మన ఊరి దుమ్ము నాలుగు రోజులకే వెలుగును సగం చేస్తుంది. బండి బోల్తా పడినా, వానలో తడిసినా ట్యాగులు, అతుకులు ఒకసారి చూసుకోండి. విడిగా రెండు 2 ఆంపుల ఫ్యూజులు బ్యాటరీ పెట్టె మూత లోపలివైపు టేపు వేసి ఉంచుకోండి, రాత్రి ఎనిమిదింటికి ఫ్యూజు పోతే అంగడి వెతుక్కోనక్కర్లేదు. వేసిన ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే మూడోది వెయ్యకుండా, వైరు ఎక్కడ నలిగిందో వెతకండి.